"బావి ఈత" అని నవ్వితే మానేద్దామా?



మేము అలిపిరి దగ్గర హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. యానాది, ఎరుకల, సుగాలి పిల్లలం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

మొన్న ఈత పోటీల సెలక్షన్లకు మాలో నలుగురు పోయినారు. 50 మీటర్ల ఫ్రీస్టైల్. చిన్నప్పటి నుంచి బావుల్లో, చెరువుల్లో ఈదినోళ్ళమే కదా అని ధైర్యం. సగం దూరానికే ఆయాసం వచ్చేసింది. నీళ్ళు ఎగిరినాయి గానీ మనుషులు ముందుకు పోలేదు. గట్టు మీద ఎవరో "బావి ఈత" అని నవ్వినారు. ఇద్దరు ఇంక పూల్ వైపు రామంటున్నారు. రావాల్సిందే అని మా మాట.

బావి ఈత తప్పు కాదు. తల పైకెత్తి ఈదుతాం, కాబట్టి నడుము, కాళ్ళు కిందికి దిగుతాయి. అప్పుడు మోకాళ్ళతో సైకిల్ తొక్కినట్టు కొడతాం. ప్రాణం కాపాడుకోవడానికి అది చాలు, పోటీకి చాలదు.

పోటీకి కావాల్సింది ఫ్లట్టర్ కిక్. కాలు తుంటి నుంచి కదలాలి. మోకాలు కొంచెమే వంగాలి. చీలమండ వదులుగా, కాలివేళ్ళు వెనక్కి చాపి ఉండాలి. చిన్న చిన్నగా, వేగంగా, ఆపకుండా కొట్టాలి. ముఖం నీళ్ళల్లోనే ఉండాలి. ఫ్రీస్టైల్లో ఎక్కువ వేగం చేతులది. కాళ్ళ ముఖ్యమైన పని ఒంటిని నీళ్ళ మీద తిన్నగా నిలపడం.

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే కాళ్ళు మనవి, బలానికి కొదవ లేదు. చీలమండ బిగుసుగా ఉండటమే మన ఇబ్బంది. రోజూ రెండు నిమిషాలు వజ్రాసనంలో కూర్చోండి. మొదట పూల్ గట్టు పట్టుకుని, తర్వాత కిక్ బోర్డుతో 25 మీటర్లు నాలుగు సార్లు కొట్టండి. ఒంటరిగా మాత్రం బావిలో దిగొద్దు.

అసలు ఈ ఈత ఎవరిది? 1844లో అమెరికా ఖండం నుంచి వచ్చిన ఓజిబ్వే ఆదివాసులు లండన్లో చేతులు గాలిమర మాదిరి తిప్పుతూ, కాళ్ళు కొడుతూ ఈది చూపిస్తే, అక్కడి వాళ్ళు అది మర్యాదస్తుల ఈత కాదన్నారు. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ బంగారు పతకం గెలిచింది హవాయి మూలవాసి డ్యూక్ కహనమోకు. ఆయన బలం ఈ ఫ్లట్టర్ కిక్కే. మనలాంటోళ్ళ ఈతనే లోకం నేర్చుకుంది. దాన్ని మళ్ళీ నేర్చుకోవడానికి మనకు సిగ్గెందుకు?

హాస్టల్ పిల్లలకు వారానికి రెండు గంటలైనా పూల్ టైం ఇప్పించమని అందరం కలిసి అడుగుదాం. ఈత బాగా తెలిసిన సీనియర్లు ఒక్క ఆదివారం వచ్చి కాళ్ళు ఎట్ల కొట్టాలో చూపిస్తే చాలు. ఆ ఇద్దరినీ తీసుకొచ్చే పూచీ మాది.