ఏప్రిల్లో చెప్పిన మాట

ఈ శీర్షిక కింద ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ పిల్లల గురించి ధారాళంగా సలహాలిస్తూ వచ్చాం. ఎస్.ఎ.టి. ఎన్నిసార్లు రాయించాలి, ఆరంగేట్రానికి హాలు ఎన్ని నెలల ముందు మాట్లాడుకోవాలి, తెలుగు రాని పిల్లవాణ్ణి తాతగారితో ఫోనులో ఎలా మాట్లాడించాలి, ఇలాంటివన్నీ. ఈ నెల మా ఇంటి సంగతే రాస్తున్నాం. రాయమన్నది మా అమ్మాయే. పేరు వెయ్యకూడదని మాత్రం షరతు పెట్టింది.

2024 ఏప్రిల్. పిల్ల హైస్కూలు ఆఖరి ఏడాదిలో ఉంది. ఇంజనీరింగులో సీటొచ్చింది, కొంత స్కాలర్‌షిప్పు కూడా ఇస్తామన్నారు. మే ఒకటో తేదీలోపల డిపాజిట్టు కట్టాలి. ఒక ఆదివారం పొద్దున్న పెసరట్లు తింటూ, "ఆ డబ్బు అప్పుడే కట్టెయ్యొద్దు నాన్నా, నాకు యాక్టింగు నేర్చుకోవాలని ఉంది" అన్నది. మాలో ఒకరం అల్లప్పచ్చడి తెస్తానని వంటింట్లోకి వెళ్ళి పది నిమిషాల దాకా బయటికి రాలేదు. రెండోవారం, "నాటకాలు వేస్తానంటే మేమెప్పుడైనా వద్దన్నామా?" అన్నాం.

నిజానికి ఎప్పుడూ వద్దనలేదు. మా రెండు వైపులా నాటకం ఉంది. ఒకరి తండ్రిగారు తెనాలి దగ్గర హైస్కూలు మేష్టారు. జీతం లేని సెలవు పెట్టి మరీ పరిషత్తు పోటీలకి వెళ్ళేవారు. ఇంకొకరి మేనమామగారు బ్యాంకులో గుమాస్తా. ఆయనకొచ్చిన కప్పు ఇప్పటికీ బీరువా మీద ఉంది. అంచేత ఆ పూట ఉదాహరణలకి లోటు లేకపోయింది. బళ్ళారి రాఘవగారు ప్లీడరు కాదా అన్నాం. జె.వి. సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరుగా ఉంటూనే "కన్యాశుల్కం"లో రామప్ప పంతులు వేషం వేశారనీ, 1980లో "శంకరాభరణం" శంకరశాస్త్రి అయ్యారనీ చెప్పాం. ముందు అన్నం పెట్టే చదువు, ఆ పక్కన వేషం. "రామారావుగారు సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగం మూడు వారాల్లో వదిలేశారు కదా?" అన్నది పిల్ల. ఆ సంగతి దానికి చెప్పింది మేమే కాబోలు.

తరవాత అన్నమాట మాత్రం మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. "తాతయ్య రిహార్సల్ ఎన్నింటికి చేసేవారు? స్కూలు అయిపోయి, ట్యూషన్లు అయిపోయి, రాత్రి ఎనిమిది తరవాత. నేను అదే పని పొద్దున్న ఎనిమిదింటికి చెయ్యాలనుకుంటున్నాను."

కన్సర్వేటరీ అంటే అది అడిగేది సరిగ్గా అదేనని మాకు తరవాత తెలిసింది. మామూలు కాలేజీలో థియేటర్ ప్రధానాంశంగా బి.ఎ. చదివితే సగం పైన ఇతర పాఠాలుంటాయి. బి.ఎఫ్.ఎ. అనే డిగ్రీలో దాదాపు మూడింట రెండు వంతులు అభ్యాసమే. గొంతు, ఉచ్చారణ, ఒళ్ళు కదిలించడం, పద్యం విరిచి చదవడం, దెబ్బ తగలకుండా కత్తి తిప్పడం. పగలల్లా తరగతులు, రాత్రి రిహార్సళ్ళు. మన గురుకులానికి దగ్గరది. ఒక మెట్టు మీద ఇంకో మెట్టుగా కట్టిన శిక్షణ కాబట్టి, ఇంకెక్కడో రెండేళ్ళు చదివి వచ్చినా చాలాచోట్ల మొదటి సంవత్సరంలోనే కూర్చోబెడతారు. "ముందు ఇంజనీరింగులో చేరు, తరవాత మారుదువుగాని" అన్న మా సలహా అక్కడే చచ్చిపోయింది.

మాకు సిగ్గనిపించిన సంగతి ఇంకొకటుంది. ఈ పిట్స్‌బర్గ్‌లోనే, ఫోర్బ్స్ ఎవెన్యూ మీద, కార్నెగీ మెలన్‌లో 1914లో పెట్టిన నాటక విభాగం ఉంది. ఈ దేశంలో నాటకానికి డిగ్రీ ఇచ్చిన మొట్టమొదటి చోటు అదే. ఇరవయ్యేళ్ళుగా అటువైపు కారు పోనిస్తూ, బంధువులు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ సైన్సు భవనం చూపించామే గాని దాన్ని ఒక్కసారి చూపించలేదు.

ఆలస్యం సంగతికి వస్తాం. ఏప్రిల్‌లో నిర్ణయించుకున్న పిల్లకి ఆ ఏడు వెళ్ళడానికి పేరున్న చోటేదీ మిగల్లేదు. చాలా స్కూళ్ళకి అంతకు ముందు శరత్తులోనే వీడియో పంపాలి, డిసెంబరు మొదట్లో అప్లికేషను ముగుస్తుంది, జనవరి ఫిబ్రవరుల్లో ఎదురుగా నిలబడి చేసి చూపించాలి. ఒక ఏడాది ఆగక తప్పదు.

మేము తెలివిగా ఆలోచించాం అనుకున్నాం. ఇంజనీరింగు సీటు ఏడాది పాటు అట్టే పెట్టించి, ఈలోగా ఇది ప్రయత్నించనిద్దాం, రాకపోతే అదుంది కదా అని. సీటు నిలిపే కాగితం వచ్చింది. అందులో, ఈ ఏడాది మరే కాలేజీకీ అప్లై చెయ్యనని సంతకం పెట్టాలి. మాలో ఒకరం, "ఎవరు చూస్తారు, పెట్టెయ్" అన్నాం. ఇది రాయడానికి మనసొప్పడం లేదు గాని, అన్నాం. పిల్ల కాగితం మడిచి బల్ల మీద పెట్టి, "నేను పెట్టను" అని పైకి వెళ్ళిపోయింది. సీటూ పోయింది, స్కాలర్‌షిప్పూ పోయింది.

ఆ ఏడాది దానికంటే మాకే కష్టంగా గడిచింది. అది పొద్దున్న ఒక మందుల షాపులో పనిచేసేది, సాయంత్రం ఊళ్ళో చిన్న నాటక సంఘంలో మేకులు కొట్టి తెరలకి రంగులు వేసేది. కమ్యూనిటీ కాలేజీలో రెండు పాఠాలు తీసుకోమన్నాం. ఆ మార్కులతో కొత్త విద్యార్థుల స్కాలర్‌షిప్పు దక్కకుండా పోవచ్చని తనే వాకబు చేసి మానుకుంది. మేము మాత్రం జనానికి జవాబు చెప్పలేక తిరిగాం. అక్టోబరులో పెన్‌హిల్స్ గుళ్ళో పులిహోర కోసం వరసలో నిలబడితే ఒక పెద్దాయన, "అమ్మాయి ఎక్కడ చేరిందండీ?" అని అడిగారు. "సీటు వచ్చే ఏడాదికి ఉంచారండీ, కాస్త విశ్రాంతి తీసుకుంటోంది" అనేశాం. పిల్ల వెనకే ఉంది. ఇంటికొచ్చేదాకా కారులో మాట్లాడలేదు. గరాజ్ తలుపు పైకి లేస్తుండగా, "బాగా యాక్ట్ చేశారు. ముందే అనుకున్నారా, అప్పటికప్పుడా?" అన్నది.

మర్నాడు ఆ పెద్దాయనకి ఫోను చేసి ఉన్నమాట చెప్పాం. ఆయన కాసేపు ఊరుకుని, తన కొడుకు డెంటల్ స్కూలు మధ్యలో మానేసి ఏడాదిన్నర అయిందని చెప్పారు. ఆ ఫోను గంట సేపు నడిచింది.

ఆలస్యం ఎంత ఆలస్యమో కూడా ఆ ఏడాదే తెలుసుకున్నాం. అలన్ రిక్‌మన్ బొమ్మలు గీసే వ్యాపారం వదిలి లండన్‌లో రాడాలో చేరేటప్పటికి 26 ఏళ్ళు. సెంధిల్ రామమూర్తి అమ్మా నాన్నా ఇద్దరూ డాక్టర్లు. టఫ్ట్స్‌లో తనూ డాక్టరు చదువుకే మొదలుపెట్టి, చరిత్రలో డిగ్రీ తీసుకుని, ఆ తరవాత లండన్‌లో నటన నేర్చుకున్నాడు. ఏల్ నాటక విద్యాలయం డిగ్రీ అయినవాళ్ళని తీసుకుంటుంది, 2021 నుంచి అక్కడ ఫీజు లేదు. అంటే పద్దెనిమిదో ఏట ఆ తలుపు మూసుకుపోదు. ఇది మాకు 2024 ఏప్రిల్‌లో తెలిసి ఉంటే కాస్త తక్కువ అరిచేవాళ్ళం.

మొత్తం తొమ్మిది చోట్లకి వీడియో పంపింది. బేస్‌మెంటులో నీలం దుప్పటి కట్టి ఫోనుతో తీసింది మేమే. షేక్స్‌పియర్ "పన్నెండవ రాత్రి"లో వయోలా ఒకటి, ఈ కాలపు నాటకంలోది ఒకటి, ఒక్కొక్కటి నిమిషంన్నర. పదిహేడోసారి తీస్తున్నప్పుడు మాలో ఒకరికి వయోలా మాటలు నోటికొచ్చేశాయి. అయిదు చోట్ల అక్కడే కాదన్నారు. మిగిలిన నాలుగూ 2025 ఫిబ్రవరిలో షికాగోలో పెట్టుకున్నాం. చాలా స్కూళ్ళు ఒకేసారి ఆ హోటళ్ళలో దిగి పరీక్షలు పెడతాయి. మంచులో ఎనిమిది గంటల డ్రైవు. హోటలు వరండా నిండా గోడలకి తిరిగి తమలో తాము మాట్లాడుకుంటున్న పిల్లలు. మూడో చోట వయోలా అయ్యాక, ఇంట్లో మాట్లాడే భాషలో ఏదైనా చెప్పమన్నారట. మా అమ్మాయి తెనాలిలో అమ్మమ్మ కూరలమ్మితో బెండకాయల దగ్గర బేరమాడటం చేసి చూపించిందట. వాళ్ళకి ఒక్కముక్క అర్థం కాకపోయినా నవ్వారట. ఆ స్కూలు కూడా కాదన్నది. నాలుగోది రమ్మన్నది.

అది గొప్ప పేరున్న చోటు కాదు. ఫీజు మా మొదటి ఇల్లు కొన్నప్పటి లెక్కలు గుర్తుచేసింది. ఉద్యోగం సంగతి అడిగేవారికి ఒక్కటి చెప్పగలం: ఈ దేశపు రంగస్థల నటుల యూనియన్ ఈక్విటీ 1913 నుంచి ఉంది, అందులో సభ్యులైనవాళ్ళలోనే ఎప్పుడు చూసినా ఎక్కువమంది పని లేకుండా ఉంటారు. పిల్లకీ ఈ సంగతి తెలుసు. మందుల షాపులో పని చెయ్యడం చేతనవునులే అంటుంది.

2025 ఆగస్టులో దింపి వచ్చాం. మొదటి మూడు వారాలూ నేలమీద పడుకుని ఊపిరి తీయడం నేర్పారని ఫోనులో చెబితే, "ఊపిరి తీయడానికి అన్ని డాలర్లా?" అన్నారు తెనాలి అమ్మమ్మగారు. ఆ మాటని అమ్మమ్మ గొంతుతోనే తరగతిలో చేసి చూపించిందట.

పోతే, సంఘం కార్యదర్శిగారికి ఒక మనవి. ఈ ఉగాది నాటికలో కోడలి వేషానికి మా అమ్మాయిని అనుకుంటున్నట్టు విన్నాం. దయచేసి మరొకరిని చూసుకోండి. మొదటి సంవత్సరం పిల్లలు బయట ఎక్కడా వేషం వెయ్యకూడదట.