కార్డు మార్చమనే ముందు కొలవండి బాబూ!

వీఆర్‌లో యుద్ధవిమానం నడపాలని ముచ్చటపడే మనవాళ్ళకి దొరికే సలహాలు రెండే రెండు. ఒకటి "కార్డు మార్చు". రెండోది "ఇదిగో నా సెట్టింగులు, ఇవే పెట్టుకో" అంటూ ఓ స్క్రీన్‌షాట్. అడిగినవాడి ప్రాసెసర్ ఏంటో, హెడ్‌సెట్ ఏంటో, వాడు ఆడుతున్న మిషన్‌లో ఎన్ని విమానాలున్నాయో కనుక్కునే నాథుడే ఉండడు. ఈ రెండు సలహాలూ తప్పని చెప్పటానికే ఈ టపా. మామూలు తప్పు కూడా కాదు, జేబుకి చిల్లు పెట్టి, పైగా కడుపులో తిప్పించే తప్పు.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఈ సలహాలిచ్చేది మన ఇంజినీర్లే. ఆఫీసులో ఎవరైనా "అప్లికేషన్ నెమ్మదిగా ఉంది, ఇంకో నాలుగు సర్వర్లు తగిలిద్దాం" అంటే "ముందు ప్రొఫైల్ చేశావా? క్వెరీ చూశావా?" అని గద్దించే మహానుభావులే, ఇంటికొచ్చి హెడ్‌సెట్ తగిలించుకోగానే ఆ చదువంతా చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలేస్తారు.

సరే, లెక్కలోకి వద్దాం. హెడ్‌సెట్ 90 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంటే ఒక్కో ఫ్రేముకి మనకున్న టైము 11.1 మిల్లీసెకన్లు. 72 హెర్ట్జ్ అయితే 13.9. మామూలు మానిటర్ మీద ఫ్రేము అర మిల్లీసెకను ఆలస్యమైతే కొంప మునగదు. వీఆర్‌లో అలా కాదు. 11.1లో అవ్వాల్సిన పని 11.5 పట్టిందనుకోండి, రీప్రొజెక్షన్ వేసి ఉంటే చాలా హెడ్‌సెట్లు ఆటని సగానికి, అంటే 45 ఫ్రేములకి దించేసి, మధ్యలో ఫ్రేములు తామే అల్లి చూపిస్తాయి. మనం దాటింది నాలుగు శాతం, పోయింది సగం! అందుకే "నాకు సగటున 80 ఎఫ్‌పీఎస్ వస్తోంది" అన్న మాటకి ఇక్కడ అర్థం లేదు. చూడాల్సింది ఫ్రేము టైము. అదీ ప్రాసెసర్‌ది విడిగా, కార్డుది విడిగా.

ఇప్పుడు డీసీఎస్ వరల్డ్ సంగతి తీసుకోండి. మనవాళ్ళు ఎక్కువగా మొదలెట్టేది దీంతోనే, ఎందుకంటే సు-25టీ, టీఎఫ్-51డీ విమానాలు ఉచితంగా వస్తాయి. ఇది బొమ్మలు గీసే ఆట మాత్రమే కాదు. కృత్రిమ పైలట్ల బుర్ర, క్షిపణుల గమనం, రాడార్లు, నేల మీద కదిలే ట్యాంకులు... ఇదంతా ప్రాసెసర్ నెత్తిన పడే పని. రెండు కళ్ళకీ దృశ్యం గీయమని కార్డుకి ఆదేశాలు పంపేది కూడా అదే. 2023 మార్చిలో మల్టీథ్రెడింగ్ వచ్చేదాకా ఈ బరువులో ఎక్కువ భాగం ఒకే కోర్ మోసింది. ఇప్పుడు మెరుగే గానీ, ఓ పెద్ద మిషన్‌లో ఇవాళ్టికీ ముందు చేతులెత్తేసేది చాలాసార్లు ప్రాసెసరే. 96 మెగాబైట్ల ఎల్3 కాష్ ఉన్న రైజెన్ 7 5800ఎక్స్3డీ 2022లో వచ్చినప్పుడు ఫ్లైట్ సిమ్ జనం ఎగబడి కొన్నది ఊరికే కాదు.

మా సహోద్యోగి ఒకాయన ఇలాంటి సలహా వినే కొత్త కార్డు కొన్నాడు. నెల జీతంలో పెద్ద ముక్కే పోయింది. పాత ప్రాసెసర్ అలాగే ఉంది. ఎడారి మీద ఒంటరిగా ఎగిరితే అద్భుతం. ఇరవై విమానాల మిషన్ పెట్టగానే పాత కుదుపులే, పాత చోటే. హెడ్‌సెట్ ఇప్పుడు అటక మీదుంది. అసలు ఆ కార్డు అవసరమో కాదో తేల్చే పరీక్షకి పట్టేది ఐదు నిమిషాలు. రిజల్యూషన్ సగానికి తగ్గించి అదే మిషన్, అదే చోట మళ్ళీ ఎగరటమే. ఫ్రేము టైము బాగా పడిపోతే ఇబ్బంది కార్డుది. కదలకుండా అక్కడే కూర్చుంటే ప్రాసెసర్‌ది. ఆటలో కుడి కంట్రోల్, పాజ్ కలిపి నొక్కితే వచ్చే కౌంటర్ కూడా ఎవరు ఆలస్యం చేస్తున్నారో చెప్తుంది. ఇంతకంటే తేలికైన బగ్ రిపోర్టు మన ఉద్యోగాల్లో ఎప్పుడైనా చూశామా? :)

ఇక స్క్రీన్‌షాట్ సలహా. పిక్సెళ్ళని గుణించే మీటలు మూడు చోట్ల ఉన్నాయి: హెడ్‌సెట్ సాఫ్ట్‌వేరులో, స్టీమ్‌వీఆర్‌లో, ఆటలో. డీసీఎస్‌లో పిక్సెల్ డెన్సిటీ అడ్డంగా, నిలువుగా రెండు వైపులా గుణిస్తుంది. 1.3 పెడితే పిక్సెళ్ళు 1.69 రెట్లు. స్టీమ్‌వీఆర్‌లో 150 శాతం అంటే మొత్తం పిక్సెళ్ళు 1.5 రెట్లు. రెండూ కలిస్తే రెండున్నర రెట్లు పైనే. క్వెస్ట్ 3లో కంటికి 2064×2208, రెండు కళ్ళకీ కలిపి 91 లక్షల పిక్సెళ్ళు. అంటే 4కే మానిటర్ (83 లక్షలు) కంటే ఎక్కువ. దాన్ని రెండున్నరతో గుణించండి... రెండు కోట్లు దాటింది, సెకనుకి 90 సార్లు! స్క్రీన్‌షాట్‌లో కనిపించేది ఆ మూడు మీటల్లో ఒక్కటే. మిగతా రెండూ ఎక్కడున్నాయో పంపినవాడికే గుర్తుండదు. కాబట్టి ఒక్క చోటే పెంచండి, మిగతావి 1 దగ్గర, 100 దగ్గర కట్టేయండి.

"రీప్రొజెక్షన్ వేసుకో, అంతా నున్నగా ఉంటుంది" అనేవాళ్ళకో మాట. సరుకు విమానంలో షికారుకెళ్ళేవాడికి అది బ్రహ్మాండంగానే ఉంటుంది. నేల మీద లక్ష్యానికి బాంబు వేసేవాడికీ పర్లేదు. కానీ డాగ్‌ఫైట్‌లో శత్రువు మన ముక్కు ముందు నుంచి అడ్డంగా దూసుకుపోతాడు. సరిగ్గా ఆ క్షణంలోనే అల్లిన ఫ్రేము తప్పుతుంది, ఒక విమానం రెండుగా కనిపిస్తుంది. ఏ దెయ్యాన్ని గురిపెట్టి కాల్చాలి? 2023 అక్టోబరులో 2.9తో వచ్చిన డీఎల్‌ఎస్‌ఎస్‌దీ ఇదే గొడవ. కార్డు మీద భారం తగ్గిస్తుంది నిజమే, దూరాన కదిలే చుక్క వెనక తోక గీస్తుంది. యుద్ధంలో ఆ చుక్కే కదా మన ప్రాణం! అబద్ధపు 90 కంటే నిజమైన 72 మేలు. 72 హెర్ట్జ్ పెట్టి, 13.9 మిల్లీసెకన్లలో నిఖార్సుగా ఇమడండి. ఇమడాలంటే ముందు అద్దాలు ఆపండి (అవి దృశ్యాన్ని మళ్ళీ గీయిస్తాయి), నీడలు తగ్గించండి, ఎమ్‌ఎస్‌ఏఏ 4 నుంచి 2కి దించండి, తర్వాత మేఘాలు, చూపు దూరం. ఒక్కోసారి ఒక్కటే మార్చండి, మార్చాక కొలవండి. అయిదు కలిపి మార్చి "బాగుపడింది" అనటం మన వృత్తికే అవమానం.

"నా డబ్బు, నా ఇష్టం, 4090 వేస్తే ఏదైనా పరిగెడుతుంది" అనేవాళ్ళున్నారు. మీ డబ్బు మీ ఇష్టమే. 450 వాట్ల ఆ కార్డుతో మే నెలలో గది తలుపు మూసి కూర్చోవటం కూడా మీ ఇష్టమే. కానీ మీ మాట విని కొనేవాడిది మీ డబ్బు కాదు. పైగా కుదిపే ఫ్రేములతో మొదటి సాయంత్రమే వాంతి వచ్చినంత పనైతే, కంటికీ లోపలి చెవికీ పొంతన కుదరక చెమటలు పడితే, వాడు మళ్ళీ హెడ్‌సెట్ ముట్టుకోడు. "అలవాటైపోతుంది, ఓర్చుకో" అనటం ఇంకా దారుణం. ఒళ్ళు వేడెక్కి చెమట మొదలవగానే ఆపెయ్యాలి, ఓర్చుకునే కొద్దీ ఇంకా ముదురుతుంది.

డబ్బు పెట్టాల్సిందే అంటే ఎక్కడ పెట్టాలో కూడా చెప్తాను. హెచ్‌పీ రివర్బ్ జీ2 గుర్తుందా? 2020లో వచ్చింది, కంటికి 2160×2160, సిమ్ జనానికి ముద్దుబిడ్డ. 2023 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ విండోస్ మిక్స్‌డ్ రియాలిటీకి మంగళం పాడుతున్నానంది, 2024లో విండోస్ 11 24హెచ్2 నుంచి తీసేసింది. అద్దాలకి ఏ రోగం లేదు, సాఫ్ట్‌వేరు తీసేసేసరికి కొత్త విండోస్ వేసుకున్నవాళ్ళకి అది ఆగిపోయింది. హెడ్‌సెట్టూ, కార్డూ కాలంతో పోయే సరుకులు. అయస్కాంతపు సెన్సర్లున్న మంచి స్టిక్కు, థ్రాటిలు, కాళ్ళ కింద రడ్డర్ పెడళ్ళు మాత్రం నాలుగు కంప్యూటర్లు మారినా మీతోనే ఉంటాయి. పైగా హెడ్‌సెట్ లోపల కీబోర్డు కనపడదు, కాబట్టి వేళ్ళకి అందే బటన్లే మీ కళ్ళు. ఇవన్నీ వదిలేసి కార్డు మీద లక్షలు పోయటం, డ్రైవింగ్ రానివాడు ఇంజను పెద్దది కొన్నట్టే.

కార్డు ఎప్పుడూ మార్చొద్దని కాదు నా వాదన. కొలిచి, కార్డే ఆలస్యమని తేలితే నిక్షేపంగా మార్చండి. అసలు వీఆర్ అందరికీ అక్కర్లేదు కూడా. చిన్న అక్షరాల తెరలు చదవటానికే సాయంత్రమంతా గడిపేవారికి మంచి మానిటరూ, తల కదలికల్ని పట్టే పరికరమూ చాలు. నేను వద్దంటున్నది కొలవకుండా చెప్పే సలహాని.

ఈసారి ఎవరైనా "ఏ కార్డు కొనాలి అన్నా?" అని అడిగితే దయచేసి మోడల్ నంబరు చెప్పకండి. మూడు అంకెలు అడగండి: ప్రాసెసర్ ఫ్రేము టైమెంత, కార్డు ఫ్రేము టైమెంత, హెడ్‌సెట్ ఎన్ని హెర్ట్జ్. ఆ మూడూ చెప్తే సగం జవాబు వాడికే తెలిసిపోతుంది. చెప్పలేకపోతే, కొనాల్సింది ఇంకా ఏమీ లేదని చెప్పండి.