కొత్త బట్టలకంటే ముందు దుప్పటి



డిసెంబరు వచ్చింది. ఇళ్లమీద నక్షత్రాలు లేస్తున్నాయి. వరి కోతలు సాగుతున్నాయి, ధాన్యం అమ్మినవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. మన ప్రాంతంలో పండుగ, చలి కలిసే వస్తాయి. పండుగ గురించి ఈ నెలంతా ప్రసంగాలు వింటాం. చలి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. "అవి శరీర సంబంధమైన సంగతులు కదా పాస్టరుగారూ" అంటారు కొందరు. నేను అలా అనుకోను.

అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయం చూడండి. తాను వెళ్లిపోయే కాలం దగ్గరపడిందని పౌలుకు తెలుసు. పరుగు ముగించాను, నీతికిరీటం నాకోసం ఉంది అని చెప్పిన ఆ అధ్యాయంలోనే, త్రోయలో కర్పు దగ్గర విడిచివచ్చిన అంగీ తెచ్చిపెట్టమని అడుగుతున్నాడు. చలికాలం రాకముందే రమ్మని తిమోతిని బతిమాలుతున్నాడు (2 తిమోతి 4:13, 21). కిరీటం గురించి వ్రాసిన చేతితోనే అంగీ గురించి వ్రాశాడు. పరిశుద్ధాత్మ దేవుడు ఆ మాటను లేఖనంలో నుండి తీసివేయనివ్వలేదు. అందుకే ఈ పండుగ నెలలో మన ఇళ్లలో చేయవలసిన కొన్ని పనులు చెప్పాలనుకుంటున్నాను.

మొదటిది, ఇంట్లో పెద్దవాళ్లు. దావీదు రాజు ముసలివాడైనప్పుడు ఎన్ని బట్టలు కప్పినా ఆయనకు వెట్ట కలుగలేదని రాజుల మొదటి గ్రంథం మొదటి వచనంలోనే ఉంది. రాజుకే అలా అయితే వసారాలో నులకమంచం మీద పడుకునే మన నాయనమ్మ మాటేమిటి? వయసు మీరిన ఒంటికి చలిని తట్టుకునే శక్తి తగ్గుతుంది, బి.పి. కూడా పెరుగుతుంది. కాబట్టి ఈ నెల మంచం లోపలికి మార్చండి. చెవులకు మఫ్లరు, కాళ్లకు మేజోళ్లు ఇవ్వండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేయనివ్వవద్దు. బి.పి., షుగరు మాత్రలు పండుగ సందడిలో అయిపోతాయి, ఆ రోజు మందుల షాపు మూసి ఉంటుంది. ఇరవయ్యో తారీఖుకే నెలకు సరిపడా తెచ్చి పెట్టుకోండి. బట్టల షాపుకు వెళ్లినప్పుడు ముందుగా కొనవలసింది ముసలివాళ్లకు మంచి దుప్పటి. ఆ తరువాతే మిగిలినవాళ్లకు కొత్త బట్టలు.

రెండవది, పసిబిడ్డలు. ప్రభువు పుట్టిన రాత్రి మరియ చేసిన మొదటి పని గురించి లూకా వ్రాశాడు. బిడ్డను గుడ్డలతో చుట్టింది. మన ఊళ్లలో ఇంకా కొందరు పుట్టిన బిడ్డకు వెంటనే స్నానం చేయించాలంటారు. అవసరం లేదు. పొడి బట్టతో తుడిచి, తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్ముకు ఆనించి పడుకోబెడితే అంతకుమించిన వెచ్చదనం లేదు. స్నానం కనీసం ఒక రోజు ఆగవచ్చు. సాంబ్రాణి పొగ కూడా మానండి, అది పసివాళ్ల ఊపిరితిత్తులకు మంచిది కాదు. బిడ్డ పాలు తాగడం మానినా, డొక్కలు ఎగరేస్తున్నా నాటువైద్యం అంటూ తిరగవద్దు. అప్పుడు నా దగ్గరకు కూడా తేవద్దు. నేను తప్పక ప్రార్థన చేస్తాను, కాని అది ఆసుపత్రికి వెళ్లే దారిలో చేస్తాను. ముందు 108కి ఫోను చేయండి.

మూడవది, నిప్పు, కరెంటు. యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చున్నట్టు యిర్మీయా 36లో చదువుతాం. పేతురు ప్రధాన యాజకుని ముంగిట మంట దగ్గర చలి కాచుకున్నాడు. మంట ముంగిట్లో ఉంటే ఫరవాలేదు. తలుపులు, కిటికీలు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోతే మాత్రం ప్రాణాపాయం. ఆ బొగ్గులనుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. బయట చలిమంట దగ్గర కూడా నైలాను చీర కొంగు, చిన్నపిల్లల గౌన్లు జాగ్రత్త. నీళ్లు కాచే హీటరు రాడ్డు ఇనుప బకెట్టులో పెట్టవద్దు. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి. ఇంటిమీద నక్షత్రానికి అతుకుల వైరు వాడితే రాత్రి మంచుకు తడిసి షాకు కొడుతుంది. యేసయ్య వెలుగు చూపించాలనుకునే నక్షత్రం ఇంటికి చావు తేకూడదు కదా.

నాలుగవది అప్పు. ఇక్కడ నా అభిప్రాయం కొంచెం గట్టిగానే చెబుతాను. పండుగకోసం అప్పు చేయడం భక్తి కాదు. పది వేలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 300, సంవత్సరానికి 3,600 వడ్డీకే పోతుంది. మళ్లీ క్రిస్మస్ వచ్చేసరికి ఆ బట్టలు వెలిసిపోతాయి, పది వేలు అలాగే ఉంటాయి. అప్పిచ్చినవాడు పేదవాని పైబట్టను తాకట్టు పెట్టుకుంటే సూర్యుడు అస్తమించకముందే తిరిగి ఇవ్వాలని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది, ఎందుకంటే రాత్రి కప్పుకోవడానికి అతనికి ఉన్నది అదొక్కటే (నిర్గమకాండము 22:26-27). పేదవాని దుప్పటి గురించి అంతగా ఆలోచించిన దేవుడు, తన కుమారుని పుట్టినరోజుకు మనం వారం వాయిదాల్లో మునిగిపోవాలని కోరతాడా?

"ప్రభువు పండుగకు పాత బట్టలా? బంధువులు ఏమనుకుంటారు?" అని అక్కలు అడుగుతారు. పిల్లలకు కొత్త బట్టలు కొనడం తప్పని నేను అనడంలేదు. చేతిలో ఉన్నంతలో కొనండి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని కాగితం మీద లెక్క వ్రాసుకోండి. దుప్పట్లు, మందులు, పిల్లల బట్టలు, భోజనం, కానుక, చివరగా మనకు. ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని వచ్చే సహోదరిని చిన్నచూపు చూసే సంఘం ఉంటే, మారవలసింది ఆ సంఘమే. పశువుల తొట్టిలో పడుకున్నవాని పుట్టినరోజు ఇది. జనవరి మొదటి వారంనుండి వారానికి వంద రూపాయలు పక్కన పెడితే 52 వారాలకు 5,200 అవుతుంది. వచ్చే పండుగకు ఎవరి గుమ్మమూ ఎక్కనక్కరలేదు.

ఐదవది క్యారల్స్. యౌవనస్థులు నామీద కోపపడవద్దు. రాత్రి పది దాటాక పాటలతో తిరగడం ఆపాలని నా మనవి. ఎజ్రా గ్రంథం పదవ అధ్యాయంలో, తొమ్మిదవ నెలలో, జనులందరూ మందిరపు వీధిలో వర్షానికి వణుకుతూ కూర్చున్నారు. విషయం చాలా గంభీరమైనది. అయినా వాళ్లు, ఇది వర్షాకాలం, బయట నిలువలేము, పని ఒకటి రెండు రోజుల్లో అయ్యేది కాదు అని చెప్పి, ఊరి పెద్దలతో నిర్ణయకాలాలు ఏర్పాటు చేసుకున్నారు. దేవుని పనిలో కూడా వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని దానివల్ల నేర్చుకుంటున్నాను. పది రోజులు రాత్రి రెండింటిదాకా తిప్పితే పిల్లలు పండుగనాటికి జ్వరంతో పడుకుంటారు. రోడ్డుమీద ధాన్యం ఆరబోసి, పైన పట్టాలు కప్పి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంటారు. పొగమంచులో బండిమీద ముగ్గురు కూర్చుని వెళ్తుంటే ఆ రాళ్లు కనబడవు. రోజుకు ఒక వీధి చొప్పున, సాయంత్రం ఆరింటికే మొదలుపెట్టండి. పక్కింటి అన్యమతస్థులు కూడా సంతోషంగా గుమ్మంలోకి వచ్చి వింటారు, పరీక్షలకు చదువుకునే పిల్లలకూ ఇబ్బంది ఉండదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక కూడా దూరంనుండి వచ్చినవాళ్లను మందిరంలోనే పడుకోనిచ్చి తెల్లవారాక పంపడం మంచిది.

చివరిగా ఒక మాట. ఈ సంవత్సరం మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు మన మధ్య ఉన్నాయి. ఆ ఇంటిమీద నక్షత్రం కట్టడానికి ఈసారి చెయ్యి రాదు. కేకు పంపి ఊరుకోవద్దు. వెళ్లి ఒక గంట కూర్చోండి, పోయినవాళ్ల పేరెత్తి మాట్లాడండి, కలిసి అన్నం తినండి. హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫ్ దేశాల్లో ఉన్న బిడ్డలారా, ఇది చదువుతుంటే మీకూ చెబుతున్నాను. డబ్బు పంపారు, మంచిదే. కాని పౌలు తిమోతిని అంగీ మాత్రం పంపించమని అడగలేదు, దాన్ని తీసుకుని రమ్మన్నాడు. సెలవు దొరికితే రండి. దొరకకపోతే పండుగనాడు అమ్మకు ఫోను చేసి, తొందరపడకుండా ఆమె మాట పూర్తయ్యేదాకా వినండి.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక, పడుకునేముందు, ఇంట్లో ఎవరి దుప్పటి పలుచగా ఉందో ఒకసారి చూడండి. పక్కింట్లో కూడా అడగండి. క్రిస్మస్ సిద్ధపాటు అక్కడనుండి మొదలుపెడదాం.

ప్రభువు మీ ఇంటివారందరినీ ఈ చలికాలమంతా కాచి కాపాడునుగాక. ఆమేన్.