టీచరు ఉద్యోగానికి బయోడేటా రాస్తున్నారా?

మొన్నటిదాకా ఊరగాయలు, వడియాల గురించి చెప్పుకున్నాం. ఈ వారం కాస్త వేరే సంగతి. బడులు జూన్ 12న తెరుస్తారు కదా, అందుకని ప్రైవేటు స్కూళ్లవాళ్లు ఏప్రిల్, మే నెలల్లోనే టీచర్లను చూసుకుంటారు. మా ఆలూరులో ఆ రెండు నెలలూ జిరాక్స్ షాపుల దగ్గర ఆడవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. కొందరు ఆదోని, గుంతకల్లు స్కూళ్లకు కూడా కాగితాలు పట్టుకొని పోతారు.

షాపు కంప్యూటరులో బయోడేటా ముందే తయారుగా ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ మార్చి అచ్చు తీసి ఇస్తారు. మొదటి వాక్యం ఇంగ్లీషులో ఉంటుంది, మీ సంస్థ అభివృద్ధికి పాటుపడి నేనూ అభివృద్ధి చెందుతాను అని దాని అర్థం. ఇరవై మంది కాగితాల్లో అదే వాక్యం ఉంటే కరస్పాండెంటుగారికి మీరెవరో ఎలా తెలుస్తుంది? ఆ వాక్యం తీసేయండి. దాని బదులు "1 నుంచి 5 తరగతులకు తెలుగు, లెక్కలు చెప్పగలను" అని ఒక్క ముక్క రాయండి. చదివేవాళ్లకు కావలసింది అదే.

ముందు ఒక సంగతి. సర్కారు బడిలో ఉద్యోగానికి బయోడేటా పనికిరాదు. అక్కడ డీఎస్సీ రాయాల్సిందే. 2025 ఏప్రిల్లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ వేసినప్పుడు లెక్కలోకి వచ్చింది పరీక్ష మార్కులూ టెట్ మార్కులే. బయోడేటా అవసరం ప్రైవేటు స్కూళ్లలోనే.

చదువు గురించి రాసేటప్పుడు జాగ్రత్త. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2010 ఆగస్టు 23న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 1 నుంచి 8 తరగతులు చెప్పేవాళ్లకు టెట్ ఉండాలి. ఇది ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. చిన్న తరగతులకు ఇంటర్, దాని మీద డీఎడ్ కావాలి. బీఎడ్ చేసినవాళ్లు 1 నుంచి 5 తరగతులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని బీఎడ్ చదివినవాళ్లు 6వ తరగతి నుంచి పైకి అడగండి. చదువు ఇంకా నడుస్తుంటే "చదువుతున్నాను" అనే రాయండి, "పూర్తయింది" అని మాత్రం రాయకండి.

ఇంకొకటి. ఎప్పుడో టెట్ పాసై, ఏడేళ్లు దాటింది కాబట్టి అది చెల్లదని సర్టిఫికెట్టు ట్రంకుపెట్టె అడుగున వేసినవాళ్లు ఉన్నారు. తీయండి దాన్ని! 2021 నుంచి టెట్ సర్టిఫికెట్టు జీవితకాలం చెల్లుతుంది. 2011 నుంచి రాసినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. మార్కులతో సహా పైన కనబడేట్టు రాయండి.

ఇక అసలు మాటకొస్తాను. పెళ్లయి, పిల్లలు పుట్టి, ఎనిమిదేళ్లో పదేళ్లో ఇంట్లో ఉన్న ఆడవాళ్లు బయోడేటాలో అనుభవం అనే చోటికి వచ్చేసరికి ఆగిపోతారు. "ఏముందమ్మా రాసేదానికి, ఇంట్లోనే ఉంటిని కదా" అంటారు. అక్కడ 'లేదు' అని రాసేస్తారు. ఆ ఒక్క మాటతో జీతం తగ్గిపోతుంది. అనుభవం లేదని మీరే రాసిచ్చినాక ఎవరైనా కొత్తవాళ్లకు ఇచ్చే జీతమే ఇస్తారు. ఆ తర్వాత అడిగేదానికి నోరు రాదు.

నిజంగా ఏమీ లేదా? సాయంత్రం అరుగు మీద వీధి పిల్లలకు ఎక్కాలు చెప్పింది ఎవరు? మా వీధిలో ఒక చెల్లెలు ఆరేళ్లుగా అదే పని చేసింది. ఒక్కొక్క ఏడాది ఎనిమిది మంది, పది మంది. మా పల్లెల్లో వానలు లేని ఏడు కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు దిక్కు పోతారు. పిల్లలూ వెంటే పోతారు. నెలల తర్వాత వచ్చేసరికి బడిలో పాఠాలు ఎక్కడికో పోయి ఉంటాయి. అట్లాంటి పిల్లలను కూర్చోబెట్టి, కూడికల దగ్గరనుంచి మళ్లీ ఎత్తుకొని, తరగతితో కలిపింది ఆ చెల్లెలు. శిక్షణ పొందిన టీచర్లకూ తేలిక పని కాదిది. కానీ ఆమె కాగితంలో మొదట ఉన్నది "అనుభవం: లేదు".

ఇద్దరం కూర్చొని మార్చినాం. ఇట్లా రాసింది:

"ఆరేళ్లు ఇంటి వద్ద 2 నుంచి 5 తరగతుల పిల్లలకు తెలుగు, లెక్కలు చెప్పినాను. ఏడాదికి 8 నుంచి 10 మంది. వలస వెళ్లి వచ్చి చదువులో వెనుకబడిన పిల్లలకు చదవడం, కూడికలు, తీసివేతలు మొదటినుంచి నేర్పినాను. కన్నడం మాట్లాడతాను."

నాలుగే ముక్కలు. ఎన్నేళ్లు, ఏ తరగతి, ఎంతమంది, వాళ్లకు ఏం వచ్చింది అన్నదంతా అందులో ఉంది. "నాకు పిల్లలంటే ప్రాణం", "ఓపిక ఎక్కువ" అని పొగుడుకోనక్కర లేదు. వెనుకబడిన పిల్లల సంగతి చదివినవాళ్లకు ఓపిక సంగతి తెలుస్తుంది. కన్నడం మాట ఎందుకంటే, బళ్లారి పక్కనే ఉండడంతో మా వైపు చాలా ఇళ్లల్లో కన్నడమే మాట్లాడతారు. ఉర్దూ వచ్చినా రాయండి. పిల్లవాడి ఇంటి భాష తెలిసిన టీచరు ఒకటో తరగతికి ఎంత అవసరమో చెప్పేదేముంది!

లేనిది మాత్రం కల్పించకండి. ఫలానా స్కూల్లో చేసినానని రాస్తే ఒక్క ఫోనుతో తేలిపోతుంది. ఇంకో మాట, ఉద్యోగంలో చేరినాక ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదని విద్యాహక్కు చట్టంలో ఉంది. అది కూడా తెలుసుకొని చేరండి.

పేరు దగ్గర ఆడవాళ్లకే వచ్చే చిక్కు ఒకటుంది. పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టింటి ఇంటిపేరు, ఆధారులో అత్తింటి ఇంటిపేరు ఉంటాయి. ఇద్దరు వేరు మనుషులేమో అనుకుంటారు. పదో తరగతి సర్టిఫికెట్టులో ఉన్న పేరే పైన రాసి, కింద "పెళ్లి తర్వాత పేరు" అని రెండోది రాయండి. పెళ్లి రిజిస్ట్రేషను కాగితం జిరాక్సు జతచేయండి. కులం, మతం, భర్త జీతం, అత్తగారి ఊరు ఇవేవీ రాయనక్కర లేదు.

కాగితం ఒక్క పేజీ దాటనివ్వకండి. బొరుగులు ఎక్కువసేపు నీళ్లల్లో ఉంటే ఉగ్గాని ముద్దయిపోయినట్టు, ఎక్కువ రాసినకొద్దీ అసలు విషయం మునిగిపోతుంది. పెళ్లికి ముందు వచ్చిన ముగ్గుల పోటీ బహుమతులు వదిలేయండి. ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులోనే ఇవ్వండి. కానీ ముందు తెలుగులో రాసుకొని, అర్థం తెలిసిన ఇంగ్లీషు మాటలే పెట్టించండి. అందులో ఉన్న ప్రతి మాట మీదా ప్రశ్న అడగొచ్చు.

ఇచ్చేటప్పుడు జిరాక్సులే ఇవ్వండి. అసలు సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి. అసలువి తీసిపెట్టుకొని, మానేస్తామంటే ఇవ్వకుండా తిప్పుకొనే స్కూళ్లు ఉన్నాయి. అట్లా చిక్కుకొని మంచి అవకాశం పోగొట్టుకున్నవాళ్లను నేను చూసినాను. జీతం నెలకెంతో అడిగి ఊరుకోకండి, పది నెలలకు ఇస్తారా, పన్నెండు నెలలకు ఇస్తారా అని కూడా అడగండి. తేదీ, మొత్తం రాయని కాగితం మీద సంతకం పెట్టకండి.

బయోడేటా చూసి పిలిస్తే డెమో క్లాసు చెప్పమంటారు. కాగితంలో ఏ తరగతి, ఏ పాఠం మీకు వస్తుందని రాసినారో అదే ఎంచుకోండి. లెక్కలైతే ఇంట్లో ఉన్న చింతగింజలో, వేరుశనక్కాయలో గుప్పెడు తీసుకొని పోండి. అరుగు మీద ఎట్లా చెప్పేవాళ్లో అట్లాగే చెప్పండి.

ఇది చదువుతున్న చెల్లెళ్లలో ఎవరి కాగితంలోనైనా "అనుభవం: లేదు" అని ఉంటే, ఈ రోజే పెన్ను తీసుకొని దాన్ని కొట్టేయండి. మీ దగ్గర చదువుకున్న పిల్లల లెక్క వేసి, ఆ అంకె అక్కడ రాయండి.