ప్యాటియో అట, ఎవరి కోసం?

మా మరిది ఇల్లు కడుతున్నాడు. రెండు వందల గజాల స్థలం, పడమర ముఖం. మొన్న ఇంజనీరుని వెంటబెట్టుకొచ్చి ప్లాన్ మా డైనింగ్ టేబుల్ మీద పరిచాడు. ముందువైపు పన్నెండడుగుల "ప్యాటియో". పైన గాజు కప్పు, కింద నల్ల గ్రానైట్, ఓ పక్క ఊయల. వెనక, వంటింటి అవతల, మూడున్నర అడుగుల సందు. వాషింగ్ మెషీన్, గ్యాస్ బండ, అంట్లు తోమే తొట్టి అన్నీ అందులోనే. దాని పేరు యుటిలిటీ.

మా తోడికోడలు నెమ్మదిగా, "వెనక ఇంకాస్త చోటు వదిలితే బావుంటుందేమో" అంది. "వెనకెవరు చూస్తారు మేడమ్, వేస్ట్ కదా" అన్నాడాయన.

నాకు ఒళ్ళు మండింది. ఇల్లు కట్టుకునేది వీధిలో వాళ్ళు చూడ్డానికా?

అసలు ప్యాటియో అన్నది స్పానిష్ మాట. స్పెయిన్‌లోని కోర్డోబాలో పాత ఇళ్ళకి ప్యాటియో నాలుగు గోడల మధ్య ఉంటుంది, పైన ఆకాశం. ఎండలు మండిపోయే ఊరు కాబట్టి నీడ కోసం, చల్లదనం కోసం అలా కట్టుకున్నారు. గోడల నిండా పూలకుండీలు. పై వాటికి నీళ్ళు పొయ్యడానికి పొడవాటి కర్రకి డబ్బా కట్టుకుంటారు. ఏటా మే నెలలో ఆ ప్యాటియోల పండగ చేస్తారు, 2012లో దాన్ని యునెస్కో కూడా గుర్తించింది. అంటే మన గోదావరి జిల్లాల మండువాకి దూరపు చుట్టమన్నమాట. మనవాళ్ళు పేరు తెచ్చుకుని, నీడ అక్కడే వదిలేసొచ్చారు. పడమటి ఎండలో గాజు కప్పు కింద, మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఆ ఊయల మీద ఎవరు కూర్చుంటారో నాకు చూడాలనుంది.

పాత ఇళ్ళన్నీ స్వర్గాలని నేననను. మా అమ్మమ్మగారింట్లో వీధరుగు మీద ఆడవాళ్ళు కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అది తాతయ్యదీ, ఆయన పేపరుదీ, వచ్చేపోయే మగవాళ్ళదీ. కానీ పెరడు మాత్రం అమ్మమ్మది. మధ్యాహ్నం భోజనాలయ్యాక జామచెట్టు కింద చాప వేసుకుని, చింతపండు గింజలు తీస్తూ, పక్కింటి పిన్నిగారితో గోడమీంచి మాట్లాడుతూ... అక్కడా పనే, కాదనను. కానీ తలెత్తితే ఆకాశం కనబడేది. ఏడుపొస్తే ఏడవడానికి కూడా అదే చోటు.

మనకి ఇప్పుడు ఆ పనంతా మిగిలింది, పెరడు పోయింది. అపార్ట్‌మెంట్లలో మరీ అన్యాయం. మేముండే చోట డాబాకి తాళం వేశారు. ఎవరో వడియాలు ఎండబెట్టారట, పావురాలొస్తున్నాయట! బాల్కనీకి గ్రిల్లు, గ్రిల్లుకి వల, వల లోపల తడిబట్టల స్టాండు. రోజంతా ఇంట్లో ఉండే మనిషికి ఎండ పొడ తగలదు, గాలి తగలదు. "ఇంట్లో నీకేం తక్కువ" అని మాత్రం అడుగుతారు.

అందుకే ఆ రోజు నేను ఊరుకోలేదు. స్థలానికి వెనకవైపు తూర్పు. పొద్దున్న ఎండ, సాయంత్రం నీడ. వంటింటి తలుపు తీస్తే అక్కడికే. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే పది నిమిషాలు బయట కూర్చోవచ్చు. ముందు ప్యాటియోలో కూర్చుంటే కుక్కరు కూత వినబడదు. నునుపు గ్రానైట్ వద్దు, వానకి జారుతుంది, గరుకు షాబాదు బండలు చాలు. గాజు కప్పు డబ్బుతో పది పందిళ్ళు వేయించుకోవచ్చు. ఇవన్నీ చెప్పాను. మరిది "అలాగే చూద్దాం వదినా" అన్నాడు. ఆ "చూద్దాం" సంగతి మీకు తెలుసుగా.

చివరికి పని జరిగింది నా వాదనతో కాదు. తూర్పున తక్కువ వదిలి పడమర ఎక్కువ వదలడం వాస్తుకి విరుద్ధం కదా అన్నాను, అత్తయ్యగారు వినేలా. అంతే, గంటలో ప్లాన్ మారింది. వెనక తొమ్మిదడుగులు. ఊయల ముందే ఉండనిమ్మన్నాను, ఫొటోలకి పనికొస్తుంది.

సొరపాదుకి పందిరి ఎటు వెయ్యాలా అని మా తోడికోడలు ఇప్పట్నుంచే ఆలోచిస్తోంది. నేను మాత్రం ఇంకోసారి ఆ ప్లాన్ తెప్పించుకోవాలి. ముందువైపు నాలుగు లైట్లు గీశారు, వెనక ఒక్కటీ లేదు.