వాతావరణ పటం రైతు దాకా రావాలి

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన మన వరి నేలకొరిగింది, కోసిన పనలు నీళ్లలో నానాయి. హెచ్చరికలు ముందే వచ్చాయి. కానీ 'భారీ నుంచి అతి భారీ వర్షాలు' అన్న ఒక్క మాటతో కోయాలో ఆగాలో ఎలా తేల్చుకుంటాం?

పటాలు చూస్తే కొంత తెలుస్తుంది. నేల మట్టం పటంలో సమాన పీడన రేఖలు ఎంత దగ్గరగా ఉంటే గాలి అంత బలంగా వీస్తుంది. రోజూ ఉదయం, సాయంత్రం వదిలే బెలూన్ల సమాచారంతో గీసే పైగాలుల పటం, తుపాను ఎటు కదిలేదీ సూచిస్తుంది. 'ఉపరితల ఆవర్తనం' అంటే నేలమీది సుడి కాదు, పైగాలిలోది. అది '5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు' ఉందంటే తేలిగ్గా తీసుకోకూడదు.

ఈ పటాలు వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి. చదివి చెప్పేవారే ఊళ్లో లేరు. రైతు సేవా కేంద్రాల్లో పటం అంటించి, తెలుగులో వివరించే బాధ్యత వ్యవసాయ శాఖ తీసుకోవాలని డిమాండ్ చేద్దాం. ఈలోగా ప్రతి గ్రామ శాఖలో ఇద్దరమైనా నేర్చుకుందాం. పటం తుపానును ఆపదు. పనలు కుప్పేసుకునే వ్యవధి దొరికినా కౌలు రైతు అప్పుల్లో పడకుండా ఉంటాడు.