లెన్స్‌ని చీకట్లో ఎంచుకోండి

మన ఊళ్లలో టెలిఫోటో జూమ్ లెన్స్ కొనే పద్ధతి మొదలంటా తప్పు. పట్టపగలు, ట్యూబులైట్లు దండిగా వెలిగే దుకాణంలో నిలబడి, రోడ్డుకు అవతలున్న సైన్‌బోర్డు మీదికి లెన్స్ తిప్పుతారు. అక్షరాలు చెక్కినట్టు కనబడతాయి. అంతే, డబ్బు కట్టేస్తారు. రేపు ఆ లెన్స్ పనిచేయాల్సింది ఎక్కడ? అర్ధరాత్రి ముహూర్తంలో, హోమం పొగ నిండిన మండపంలో. రంగు దీపాలు క్షణానికోసారి మారే నాట్య వేదిక ఎదుట. పైకప్పుకు నాలుగు లైట్లు వేలాడే కబడ్డీ కోర్టు పక్కన. పరీక్ష వెలుతురులో, బతుకుదెరువు చీకట్లో. ఈ తేడా కొనేవాడికి తట్టనంతకాలం లెన్సుల బజారు హాయిగా సాగిపోతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మీరు పనిచేసే చోట్లన్నిటిలో అతి చీకటి చోటేదో గుర్తించండి. మీ లెన్స్‌ని నిర్ణయించాల్సింది ఆ చోటు. దుకాణదారు కాదు. ఇటుక గోడను ఫొటో తీసి, దాని మూలలను పెద్దవి చేసి చూపించే యూట్యూబ్ సమీక్షకుడు కాదు. పక్క స్టూడియో యజమాని భుజాన వేలాడే తెల్ల లెన్స్ అంతకన్నా కాదు.

దుకాణంలో మొదట వినిపించేది దూరం. "ఇది 300 దాకా లాగుతుంది సార్, అది 600 దాకా" అంటారు. ఆ అంకె పక్కనే లెన్స్ మీద ఇంకో అంకె అచ్చయి ఉంటుంది: 4.5-6.3. దాని గురించి ఎవరూ నోరు విప్పరు. జూమ్ లాగుతున్నకొద్దీ లెన్స్ తీసుకునే వెలుతురు తగ్గిపోతుందని ఆ అంకె చెబుతోంది. 70-200 ఎఫ్/2.8 అలా కాదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా 2.8 దగ్గరే నిలబడుతుంది. 6.3కి పడిపోయిన లెన్స్ సెన్సర్ మీదికి పంపే వెలుతురు 2.8 పంపేదాంట్లో ఐదో వంతే.

ఐదో వంతు అంటే ఏమిటో వేదిక దగ్గర చూడండి. 2.8 దగ్గర, సెకనులో 500వ వంతు షట్టర్‌తో, ఐఎస్ఓ 3200 సరిపోయే నాట్య ప్రదర్శన అనుకుందాం. అక్కడ 6.3 లెన్స్ పట్టుకున్నవాడికి రెండే దారులు. షట్టర్‌ని సెకనులో 100వ వంతుకు దించాలి, లేదా ఐఎస్ఓని 16000కి ఎక్కించాలి. ఇత్తడి పళ్లెం అంచున పాదాలు మోపి తరంగం ఆడుతున్న కూచిపూడి కళాకారిణి గజ్జెలు 100వ వంతు సెకనులో మసక చారికగా మిగులుతాయి. 16000 ఐఎస్ఓలో ఆమె కళ్ల కాటుక, కనుబొమ్మల కదలిక, ఆ అభినయం మొత్తం గరుకు నాయిస్ కింద అణగిపోతుంది. ఏళ్ల తరబడి సాధన చేసి ఆమె పట్టుకున్న భంగిమ అది. దాన్ని పాడుచేసే హక్కు మన లెన్స్‌కి లేదు.

"200 చాలదేమో" అనే భయంతోనే చాలామంది పొడవు వైపు మొగ్గుతారు. ఆ భయానికి లెక్కే జవాబు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాను నిలువుగా పట్టుకుని 200 దగ్గర 15 మీటర్ల దూరం నుంచి తీస్తే, ఫ్రేములో పట్టే ఎత్తు 2.7 మీటర్లు. చేతులు పైకెత్తిన నర్తకి తల నుంచి కాలి వేళ్ల దాకా అందులో నిండుగా పడుతుంది. కెమెరాను అడ్డంగా తిప్పి 10 మీటర్ల నుంచి తీస్తే 1.8 మీటర్ల వెడల్పు వస్తుంది. పీటల మీద పక్కపక్కన కూర్చున్న వధూవరులకు అది సరిగ్గా చాలు. మన వేదికలకూ మండపాలకూ కొరత పడింది వెలుతురే. దూరం కాదు. దూరం నిజంగా కావాల్సి వస్తే 2.8 లెన్స్‌కి 1.4 రెట్ల టెలికన్వర్టర్ తగిలిస్తే 280 ఎఫ్/4 అవుతుంది, రెండు రెట్లది తగిలిస్తే 400 ఎఫ్/5.6 అవుతుంది. 2019లో వచ్చిన కానన్ ఆర్‌ఎఫ్ 70-200 ఎఫ్/2.8 లాంటివి కన్వర్టర్‌ని ఒప్పుకోవు కాబట్టి ముందే కనుక్కోండి. 2.8ని అవసరమైనప్పుడు 5.6 చేసుకోవచ్చు. 6.3ని 2.8 చేసే సాధనం భూమ్మీద లేదు.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైన మాట: "ఇందులో ఐదు స్టాపుల స్టెబిలైజేషన్ ఉంది, వెలుతురు తక్కువైనా పర్వాలేదు." ఐఎస్ అనండి, వీఆర్ అనండి, వీసీ అనండి, అది ఆపేది మీ చేతి వణుకుని. ఎదుటి మనిషి కదలికను అది ఆపలేదు. వేయిస్తంభాల గుడి లోపలి శిల్పాన్ని తీస్తే అది అద్భుతంగా ఆదుకుంటుంది, ఎందుకంటే రాయి కదలదు. కూతకు వెళ్లిన కబడ్డీ ఆటగాడు కదులుతాడు. తలంబ్రాలు పోసుకుంటూ నవ్వే పెళ్లికూతురు కదులుతుంది. వాళ్లను ఆపేది షట్టర్ వేగం, ఆ వేగాన్ని ఇచ్చేది వెలుతురు. ఈ ముక్క తెలిసి కూడా దాచిపెట్టి అమ్మేవాడు మోసం చేస్తున్నట్టే.

దాని వెనకే కొత్త అబద్ధం తయారైంది. "నాయిస్ వస్తే ఏముంది, ఏఐతో తీసేయొచ్చు" అంటున్నారు. కొంత తీస్తుంది, నిజమే. కానీ సెన్సర్‌కి అందని వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు. ఉండి ఉంటుందని ఊహించి పూస్తుంది. ధర్మవరం చీర అంచులో జరీ పోగుల స్థానంలో పసుపు పూత మిగులుతుంది. నానమ్మ ముఖం మీది ముడతలు చెరిగిపోయి, ఎవరిదో తెలియని నున్నటి ముఖం వస్తుంది. యాభై ఏళ్ల తర్వాత మనవలు తెరిచి చూసే ఆల్బంలో ఆమె ముఖం ఆమెదిగానే ఉండాలి.

2.8 టెలిఫోటో కోసం నేను ఇంతగా పట్టుబట్టడానికి అసలు కారణం ఫొటో నాణ్యత ఒక్కటే కాదు, మర్యాద. మన పెళ్లిళ్లలో జరుగుతున్నది చూడండి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం రాగానే కెమెరాలన్నీ మండపం ఎక్కేస్తాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి కూర్చున్న చుట్టాలకు కనబడేవి ఫొటోగ్రాఫర్ల వీపులు. మంత్రం చదువుతున్న పురోహితుణ్ని ఆగమంటారు. కట్టిన తాళి మళ్లీ పట్టుకుని చూపించమంటారు. ఫ్లాష్ మీద ఫ్లాష్ కొట్టి, సిగ్గుతో తల వంచుకున్న పిల్లను కళ్లు చికిలించేలా చేస్తారు. నాట్య ప్రదర్శనలోనూ ఇదే తంతు. ముందు వరుస దాటి వేదిక అంచుకు వెళ్లి మోకాళ్ల మీద నిలబడతారు, వెనకున్న రసికులకు పాదాలు కనబడవు. ఫ్లాష్ వెలుగు నర్తకి కళ్లలో పడితే తాళం తప్పే ప్రమాదం ఉంది.

ఫొటోగ్రాఫర్లందరూ మొరటువాళ్లని నేననను. చేతిలో ఉన్న లెన్స్ వాళ్లను దగ్గరికి నెడుతోంది, ఫ్లాష్ కొట్టిస్తోంది. 2.8 టెలిఫోటో ఉన్నవాడు పది మీటర్ల అవతల, పక్కన ఒదిగి నిలబడి, ఫ్లాష్ లేకుండా తాళి ముడిని పట్టుకోగలడు. తనను ఎవరూ చూడటం లేదనుకుని కన్నీళ్లు తుడుచుకునే తండ్రిని పట్టుకోగలడు. పెళ్లి పెళ్లివాళ్లదిగానే మిగులుతుంది. ఈ ఒక్క కారణం చాలు నాకు.

అలాగని ప్రతివాడూ 2.8 కొనాలని వాదించేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. చీకటే కొలబద్ద అయితే, చీకటి లేనివాడికి ఆ బరువెందుకు? అరకులో పగటివేళ కొండలు తీసేవాడికి ఎఫ్/4 చాలు. కానన్ ఆర్‌ఎఫ్ 70-200లో 2.8 బరువు 1070 గ్రాములు, ఎఫ్/4 బరువు 695 గ్రాములు. మధ్యనున్నది ఒక్క స్టాప్. ఐఎస్ఓ 3200 బదులు 6400 మీకు సమ్మతమైతే ఆ డబ్బు ఇంట్లో ఉంచుకోండి. కొల్లేరులో పక్షులు తీసేవాడికి 200 మీద ముగిసే లెన్స్ పనికిరాదు. ఒకేచోట కూర్చుని తీసేవాడికి, చేతిలో డబ్బు తక్కువున్నవాడికి, 85 ఎఫ్/1.8 లెన్స్ 2.8 కంటే రెండున్నర రెట్లకు దగ్గరగా వెలుతురు ఇస్తుంది, ధరలో చిన్న వంతుకే. నాలుగు ఫ్లాషులు పెట్టి ఎఫ్/8లో గ్రూపు ఫొటోలు తీసేవాడు హోదా కోసం 70-200 ఎఫ్/2.8 మెడకు తగిలించుకోవడం డబ్బు తగలెయ్యడమే.

2.8 చేతికి రాగానే ప్రతి ఫొటో 2.8లోనే తీయడం మరో వెర్రి. ఫుల్ ఫ్రేమ్ మీద 200 దగ్గర, 5 మీటర్ల దూరంలో, స్పష్టంగా ఉండే లోతు సుమారు 10 సెంటీమీటర్లు. వధువు కళ్లు పదునుగా ఉండి, అరడుగు వెనకున్న వరుడి ముఖం మసకబారితే అది బొకే అందం కాదు, తీసినవాడి తప్పు. అపెర్చర్ మూయడం తెలిసినవాడికే అది తెరిచే అర్హత.

ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి? మూలల పదును పక్కన పెట్టండి. వేదిక మీద ఫ్రేము మూలల్లో ఉండేది చీకటి. ముందు ఆటోఫోకస్ చూడండి. మసక వెలుతురులో ఒక మనిషిని మీవైపు వేగంగా నడిపించి, వరసగా తీసి, ఎన్నిట్లో కళ్లు పదునుగా ఉన్నాయో లెక్కపెట్టండి. రెండోది, ఎదురు దీపం. స్పాట్‌లైట్ నేరుగా గాజు మీద పడితే ఫొటో పాలిపోతోందా చూడండి. మూడోది, దగ్గరి దూరం. కొన్ని లెన్సులు దగ్గర ఫోకస్ చేసినప్పుడు 200 అని చెప్పుకుంటూనే అంతకంటే వెడల్పుగా చూపిస్తాయి. 2009 నాటి నికాన్ 70-200 వీఆర్ టూ అతి దగ్గరలో దాదాపు 135లా ప్రవర్తిస్తుంది. వేళ్లనూ ఉంగరాలనూ తీసేవాడికి అది పెద్ద నష్టం. నాలుగోది బరువు. 200ని 2.8తో భాగిస్తే 71 మిల్లీమీటర్లు. అంత వెడల్పు గాజు తప్పదు కాబట్టి ఈ లెన్స్ జేబులో పట్టదు. కానీ సోనీ 2016లో తెచ్చిన 70-200 జీఎం 1480 గ్రాములుంటే, 2021లో వచ్చిన రెండో జీఎం 1045 గ్రాములే. రాత్రంతా నిలబడే పనివాడి భుజానికి అది నిజమైన మేలు. కంపెనీలు డబ్బడగాల్సింది ఇలాంటి మార్పులకు.

డబ్బు దగ్గరే మన వాళ్లకు జరుగుతున్న అన్యాయం అసలైనది. కొత్త బాడీ వచ్చిన ప్రతిసారీ అప్పు చేసి మార్చుతారు, దాని ముందు మాత్రం కిట్ లెన్సే. బాడీ విలువ ఏటేటా పడిపోతుంది. మంచి గాజు దశాబ్దాలు పనిచేస్తుంది. కానన్ 2010లో తెచ్చిన 70-200 ఐఎస్ టూ అడాప్టర్‌తో నేటి ఆర్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. నికాన్‌లో ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఆటోఫోకస్ ఉంటుంది. లోపల మోటార్ లేని పాత ఏఎఫ్-డీ 80-200కు ఉండదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. ఈ తేడా అడిగి తెలుసుకోనివాడికి ఎవరూ చెప్పరు. సోనీవాళ్లకు టామ్రాన్ 70-180 ఎఫ్/2.8 ఉంది. 2020 మోడల్ బరువు 810 గ్రాములు, స్టెబిలైజేషన్ లేదు. 2023లో వచ్చిన రెండో తరంలో అది కూడా చేరింది. ఆ 20 మిల్లీమీటర్లు పోయినందుకు ఏడవనక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు లెన్స్‌లోకి వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. కాకినాడ, విశాఖ, నెల్లూరు లాంటి తీర ప్రాంతాల తేమలో అది త్వరగా పడుతుంది. కొన్నాక డ్రై క్యాబినెట్‌లో 40-50 శాతం తేమలో ఉంచండి. ఆ మోడల్‌కి విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయో లేదో కనుక్కున్నాకే డబ్బు చెల్లించండి.

లక్షలు పోసేముందు ఒక్క రాత్రికి అద్దెకు తెచ్చుకోండి. మీకు తెలిసిన అతి చీకటి మండపానికో, వేదికకో తీసుకెళ్లండి. ఫ్లాష్ తీసేయండి. పది మీటర్లు వెనక్కి జరిగి నిలబడండి. అక్కడ కళ్లు పదునుగా వచ్చి, కదలిక ఆగి, ఎవరికీ అడ్డు రాకుండా పని పూర్తయితే ఆ లెన్స్ మీది. దాంట్లో మీరు భరించగలిగిన పాత మోడల్ కొనుక్కోండి, కొత్తదాని కోసం అప్పు చేయకండి. అక్కడ ఓడిపోతే, దుకాణంలో అది ఎంత మెరిసినా తిరిగిచ్చేయండి. అద్దెకివ్వని, చీకట్లో చూసుకోనివ్వని దుకాణంలో లెన్స్ కొనకండి. కొనేవాళ్లమంతా ఈ ఒక్క షరతు మీద నిలబడితే, దూరం అంకెలు చూపించి అమ్మేవాళ్లు వెలుతురు అంకెలు చెప్పక తప్పదు.